పావుగంటలో డాక్టర్ని గుర్తుపడతారా?

మెడికల్ సీటుకు మార్కులొక్కటే చూస్తే చాలదు, మనిషిని కూడా చూడాలన్న మాట మళ్లీ వినిపిస్తోంది. మాట మంచిదే. చూసేదెవరు, ఎంతసేపు, ఏ కళ్లతో అన్నదే పేచీ. నారాయణఖేడ్ నుంచి చూస్తే ఈ పేచీ ఇంకాస్త స్పష్టంగా కనబడుతుంది.

నారాయణఖేడ్‌లో డాక్టరుగా కూర్చోవాలంటే వైద్యం ఒక్కటే వస్తే సరిపోదు. కంగ్టి వైపు నుంచి వచ్చిన రైతు కన్నడం కలిపిన తెలుగులో కడుపునొప్పి చెబుతాడు. తండా నుంచి వచ్చిన అవ్వ లంబాడీలో మొదలుపెట్టి, డాక్టరు మొహం చూసి తెలుగులోకి దిగుతుంది. పట్టణంలో ఉర్దూ ఇళ్లున్నాయి. మహారాష్ట్ర సరిహద్దు ఊళ్ల నుంచి మరాఠీ వస్తుంది. ఒకప్పుడు మెదక్ జిల్లాకు, 2016 నుంచి సంగారెడ్డి జిల్లాకు కొసన ఉన్న ఈ ప్రాంతంలో మూడు రాష్ట్రాల మాటలు ఒకే ఓపీ చీటీ మీద కలుస్తాయి.

ఈ మాటల్లో కనీసం మూడు వినగల, మాట్లాడగల పిల్లలు ఇక్కడ వాడవాడకూ దొరుకుతారు. అమ్మను ఆస్పత్రికి తీసుకొచ్చి, అమ్మ బాధను డాక్టరుకు అర్థమయ్యేలా అప్పజెప్పేది వాళ్లే. డాక్టరు రాసిచ్చిన మందును ఎప్పుడు, ఎన్ని వేసుకోవాలో ఇంటికెళ్లాక మళ్లీ చెప్పేదీ వాళ్లే. మంచి డాక్టరుకు ఉండాల్సిన లక్షణాల్లో సగం ఇందులోనే ఉన్నాయి.

నీట్‌లో దీనికి ఒక్క మార్కు కూడా రాదు. 180 ప్రశ్నలు, 720 మార్కులు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ. అంతే. అందుకే ‘ఇంటర్వ్యూ పెట్టండి, పిల్లల గుణం తెలుస్తుంది’ అనేవాళ్ల మాటలో న్యాయం ఉన్నట్టు తోస్తుంది. కానీ ఇంటర్వ్యూ పెడితే ఖేడ్ పిల్లకు ఆ భాషల మార్కులు పడతాయా? ఇంతవరకు నడిచిన ఇంటర్వ్యూల చరిత్ర పడతాయని చెప్పడం లేదు.

పైరవీ అనే రోగం

ఇంటర్వ్యూ అనగానే మన ఊళ్లలో వెంటనే వినబడే మాట పైరవీ. ‘ఎవరన్నా తెలిసినోళ్లున్నరా?’ అన్న ప్రశ్న దరఖాస్తు కంటే ముందు పుడుతుంది. ఆ అనుమానం గాలిలోంచి రాలేదు. కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి నుంచి తన కింది స్థాయి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు ఎత్తేసింది. తెలంగాణ ప్రభుత్వం 2022లో గ్రూప్-1, గ్రూప్-2 ఉద్యోగాలకు కూడా తీసేసింది. డిప్యూటీ కలెక్టరును, డీఎస్పీని ఎంచడానికే ఇంటర్వ్యూను నమ్మలేమని సర్కారు ఒప్పుకున్నాక, పదిహేడేళ్ల పిల్లలను డాక్టరు చదువుకు ఎంచడంలో దాన్ని నమ్మమంటే జనం ఎలా నమ్ముతారు?

వైద్య విద్యలో ఈ కథ ఇంకా పాతది. ప్రైవేటు కాలేజీలు సొంతంగా సీట్లు నింపుకున్న రోజుల్లో మేనేజ్‌మెంట్ కోటా ‘ఇంటర్వ్యూ’ అంటే ఏమిటో తల్లిదండ్రులకు తెలుసు. ప్రశ్నలు పిల్లవాడికి, జవాబు తండ్రికి, జవాబులో ఎన్ని సున్నాలుండాలన్నదే బేరం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1983లోనే క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం చేసింది. ఆ చట్టం చుట్టూ తిరిగిన ఉన్నికృష్ణన్ కేసులో 1993లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. అయినా డొనేషన్ల బెడద తగ్గింది మాత్రం ర్యాంకు తప్పనిసరై, కౌన్సెలింగ్ యూనివర్సిటీ చేతికి వచ్చాకే. ఇప్పుడు మేనేజ్‌మెంట్ కోటా అయిన బి కేటగిరీ ఫీజులు లక్షల్లో ఉన్నా, సీటు ఎవరికి వచ్చిందో వరుస సంఖ్యతో సహా బయటపెట్టాల్సిందే.

కోర్టు మెట్లెక్కిన ఇంటర్వ్యూలు

మెడికల్ సీటుకు ఇంటర్వ్యూ న్యాయమేనా అన్న ప్రశ్న సుప్రీంకోర్టుకు కొత్త కాదు. 1964లో చిత్రలేఖ కేసులో మైసూరు రాష్ట్రం మెడికల్, ఇంజినీరింగ్ ప్రవేశాల్లో ఇంటర్వ్యూకు 25 శాతం మార్కులు పెట్టుకోవడాన్ని కోర్టు సమర్థించింది. మెజారిటీ తీర్పు రాసింది మన రాజమండ్రివాడు, ఆ తర్వాత దేశ ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావు. విద్యార్థి తెలివిని కొలవడానికి మార్కులతో పాటు మౌఖిక పరీక్ష కూడా ఒక పద్ధతే, దాన్ని దుర్వినియోగం చేస్తే అప్పుడు చూద్దాం అన్నది ఆ తీర్పు సారం.

ఆ ‘అప్పుడు’ రావడానికి ఎన్నో ఏళ్లు పట్టలేదు. 1970లో పెరియకరుప్పన్ కేసుతో తమిళనాడు మెడికల్ ప్రవేశాలు కోర్టు ముందుకొచ్చాయి. అక్కడ ఇంటర్వ్యూకు 75 మార్కులు. ఆటలు లేదా ఎన్‌సీసీ, ఇతర సేవా కార్యక్రమాలు, శరీర దారుఢ్యం, సాధారణ సామర్థ్యం, వైద్యం మీద మొగ్గు అని ఐదు అంశాలు రాసి పెట్టుకున్నారు. తీరా మార్కులు వేసేటప్పుడు ఏ అంశానికెన్నో విడివిడిగా చూపలేదు, అంతా కలిపి ఒక అంకె వేశారు. పైగా కాలేజీలను యూనిట్లుగా విడగొట్టి, యూనిట్‌కో కమిటీ పెట్టారు. కోర్టు ఆ ఎంపికను తప్పుపట్టింది. అభ్యర్థికి ఎందుకు తక్కువ పడ్డాయో చెప్పలేని మార్కు ఎవరి చేతిలోనైనా ఆయుధమే అవుతుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎంబీబీఎస్‌కు రాత ప్రవేశ పరీక్ష పెట్టింది. బోర్డు పరీక్షలో మార్కులు బాగా వచ్చినవాళ్లు మళ్లీ పరీక్ష ఏమిటని కోర్టుకెళ్లారు. 1971లో లావు నరేంద్రనాథ్ కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వం పక్షానే నిలిచింది. తర్వాత వచ్చిన ఎంసెట్‌కు, ఇప్పటి నీట్‌కు దారి అక్కడి నుంచే పడిందనుకోవచ్చు.

అసలు గీత గీసింది మాత్రం అజయ్ హాసియా తీర్పు. 1980 నవంబరులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన ఈ తీర్పు శ్రీనగర్ రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీ గురించి. అక్కడ రాత పరీక్షకు 100, ఇంటర్వ్యూకు 50. ఒక్కొక్కరితో మాట్లాడింది రెండు మూడు నిమిషాలు. అడిగినవి తండ్రి ఎవరు, ఊరు ఏది వంటి ప్రశ్నలు. రాతలో బాగా వచ్చినవాళ్లు ఇంటర్వ్యూలో కిందపడ్డారు, రాతలో వెనకబడ్డవాళ్లు పైకి లేచారు. మూడో వంతు మార్కులు ఇంటర్వ్యూకు పెట్టడం నిరంకుశం, 15 శాతం దాటితే చెల్లదు అంది కోర్టు. ఇంటర్వ్యూలను టేపులో రికార్డు చేస్తే మంచిదని కూడా సలహా ఇచ్చింది. సెల్‌ఫోన్ కాదు గదా, టెలిఫోనే అపురూపమైన రోజుల్లో చెప్పిన మాట అది.

15 శాతమే గదా అనుకోవద్దు. నీట్ 720లో 15 శాతం అంటే 108 మార్కులు. ఇరవై లక్షల మందికి పైగా రాసే ఆ పరీక్షలో ర్యాంకుల మధ్య భాగంలో ఒక్క మార్కు తేడాకే వేల స్థానాలు కిందామీదా అవుతాయి. 108 మార్కులు ఒక గదిలో ముగ్గురి చేతికిస్తే జాబితా మొత్తం వాళ్లే తిరగరాసినట్టు.

గదిలో ఏమవుతుందంటే

ఒక ఊహ చేద్దాం. సంగారెడ్డిలో ఇంటర్వ్యూ బోర్డు. బల్లకు అటువైపు ముగ్గురు సీనియర్ డాక్టర్లు. ముగ్గురూ మంచివాళ్లే, ఎవరి పైరవీకీ లొంగనివాళ్లే అనుకుందాం. ఇటువైపు నాగల్‌గిద్ద మండలంలోని ఒక తండా నుంచి వచ్చిన అమ్మాయి. గురుకులంలో బైపీసీ చదివింది.

“మీ నాన్నగారు ఏం చేస్తారమ్మా?”

“చెరుకు కొట్టనీకి పోతరు సార్.”

“డాక్టర్ ఎందుకు అవ్వాలనుకుంటున్నావు?”

“మా తండల డాక్టర్ లేడు సార్.”

“సమాజ సేవ ఏమైనా చేశావా?”

“లేదు సార్.”

తర్వాతి అబ్బాయి హైదరాబాద్ నుంచి. తండ్రి డాక్టరు. వేసవి సెలవుల్లో వృద్ధాశ్రమంలో గడిపాడు, రక్తదాన శిబిరంలో వలంటీరుగా చేశాడు, రోగి పట్ల సహానుభూతి ఎందుకు ముఖ్యమో నాలుగు చక్కని వాక్యాల్లో ఇంగ్లిష్‌లో చెప్పాడు. అబద్ధం ఒక్కటీ లేదు. బోర్డు ముచ్చటపడింది.

ఆ అమ్మాయి మాత్రం అమ్మానాన్నలు చెరుకు నరకడానికి వెళ్లిన నెలల్లో ఇద్దరు తమ్ముళ్లను, మంచం పట్టిన నానమ్మను చూసుకుంది. రాత్రిపూట నానమ్మకు ఆయాసం వస్తే ఆటో మాట్లాడుకుని ఖేడ్ ఆస్పత్రికి తీసుకొచ్చింది. దాన్ని సమాజ సేవ అంటారని ఆమెకు తెలియదు. ఆమె దృష్టిలో అది ఇంటి పని. ‘లేదు సార్’ అన్నది నిజాయతీగానే. ఆ నిజాయతీకే మార్కులు పోయాయి.

ఇక్కడ లంచం లేదు, కుట్ర లేదు, ఎవరి మనసులోనూ చెడు లేదు. బల్లకు అటువైపు కూర్చున్నవాళ్లకు తమలా మాట్లాడే పిల్లవాడిలో డాక్టరు కనిపించాడు, అంతే. అన్యాయం ఇంత మర్యాదగా జరిగితే ఎవరి మీద ఫిర్యాదు చేయాలి?

వేలూరు చెప్పే ఎదురు వాదన

ఇంటర్వ్యూను వెనకేసుకొచ్చేవాళ్ల దగ్గర బలమైన ఉదాహరణ ఒకటి ఉంది. తెలుగువాళ్లకు బాగా తెలిసిన వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ. దశాబ్దాల పాటు ఆ కాలేజీ సొంత ప్రవేశ పరీక్ష పెట్టి, అందులో నెగ్గినవాళ్లను వేలూరుకు పిలిపించుకుని రోజుల తరబడి పరిశీలించేది. బృందంలో ఎలా ఉంటున్నారు, పని ఎలా పంచుకుంటున్నారు అని చూసేది. చాలా సీట్లు, చదువయ్యాక మిషన్ ఆస్పత్రుల్లో రెండేళ్లు పనిచేస్తామన్న ఒప్పందంతో ముడిపడి ఉండేవి. మారుమూల పల్లెల ఆస్పత్రులకు ఆ కాలేజీ డాక్టర్లను ఇచ్చిన మాట నిజం.

నీట్ ర్యాంకు వరుసలోనే సీట్లు నింపాలన్నప్పుడు ఆ కాలేజీ ఒప్పుకోలేదు. 2017లో వంద ఎంబీబీఎస్ సీట్లలో ఒక్కటి మాత్రం నింపి మిగతావి ఖాళీగా వదిలేసింది. చివరికి 2020 ఏప్రిల్ 29న సుప్రీంకోర్టు నీట్ అందరికీ వర్తిస్తుందని తేల్చింది. పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో మాత్రం నీట్ మార్కులకు తోడు ఇంగ్లిష్, తార్కిక శక్తి పరీక్ష, ఇంటర్వ్యూ ఇప్పటికీ ఉన్నాయి. సైన్యంలో చేరాల్సినవాళ్లు కాబట్టి దానికో అర్థం ఉంది.

వేలూరు పద్ధతిలో పనిచేసింది ఏమిటో విడదీసి చూడాలి. రోజుల తరబడి పరిశీలన, కొద్దిమంది అభ్యర్థులు, అన్నిటికీ మించి రెండేళ్ల సేవ ఒప్పందం. ఒప్పందం కాగితం మీద ఉంటుంది, దాన్ని అమలు చేయించవచ్చు. ‘సేవాభావం కనబడింది’ అన్న అభిప్రాయాన్ని అమలు చేయించే మార్గం లేదు.

హ్యూస్టన్‌లో తేలిన లెక్క

ఇంటర్వ్యూకు అసలు ఏమైనా కనబడుతుందా అన్నదానికి అమెరికాలో అనుకోకుండా ఒక ప్రయోగం జరిగింది. 1979లో హ్యూస్టన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయ మెడికల్ స్కూల్ ఎప్పటిలాగే 800 మందిని ఇంటర్వ్యూ చేసి, వరుస కట్టి, పైనుంచి 150 సీట్లు నింపుకుంది. ఆ తర్వాత రాష్ట్ర శాసనసభ ఇంకో 50 మందిని చేర్చుకోమంది. అప్పటికి మిగిలింది వరుసలో అడుగున, 700 నుంచి 800 మధ్య ఉన్నవాళ్లే. ఇంటర్వ్యూలో ‘పనికిరారు’ అనిపించుకున్నవాళ్లు. వాళ్లనే చేర్చుకున్నారు. చదువులో, ఆస్పత్రి శిక్షణలో, డిగ్రీ తర్వాతి మొదటి ఏడాదిలో ఈ రెండు గుంపులకూ తేడా కనబడలేదు. ఆ ఫలితాలు 1987లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో అచ్చయ్యాయి.

జపాన్‌ది ఇంకో కథ. 2018లో టోక్యో మెడికల్ యూనివర్సిటీ అమ్మాయిల మార్కులు తగ్గిస్తోందని బయటపడింది. ఆ గొడవలో మరికొన్ని కాలేజీల గుట్టూ రట్టయింది. వాటిలో జుంటెండో యూనివర్సిటీ ఇచ్చిన సంజాయిషీ వింతైనది. ఆ వయసులో అమ్మాయిలు చక్కగా మాట్లాడతారు, ఇంటర్వ్యూలో అబ్బాయిలు నష్టపోతారు, అందుకే సరిచేశామంది. రోగితో చక్కగా మాట్లాడడం డాక్టరుకు సుగుణమని చెప్పి ఇంటర్వ్యూ పెట్టారు. ఆ సుగుణం తమకు అక్కర్లేనివాళ్లలో కనబడేసరికి మార్కులు కోశారు.

ఈ లోపాలు తెలిసినవాళ్లు ఊరికే కూర్చోలేదు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం రెండువేల దశకం మొదట్లో కొత్త పద్ధతి తెచ్చింది. ఒకే బోర్డు ముందు కూర్చోబెట్టే బదులు పది దాకా చిన్న గదులు, గదికో సందర్భం, గదికో పరీక్షకుడు, ఎనిమిది నిమిషాలకో గంట. ఒకరికి నచ్చకపోయినా మిగతా తొమ్మిది మంది ఉన్నారు. పాత ఇంటర్వ్యూ కంటే ఇది నయమని తేలి బ్రిటన్, ఆస్ట్రేలియా కాలేజీలు కూడా అందుకున్నాయి. అయితే అక్కడ దీనికి కూడా కోచింగ్ సెంటర్లు వచ్చేశాయి. మన దగ్గర రాకుండా ఉంటాయా? అమీర్‌పేటలో బోర్డు కట్టడానికి వారం చాలు.

చేయగలమా అన్నది వేరే ప్రశ్న

న్యాయం సంగతి పక్కనబెట్టి కూలి లెక్క చూద్దాం. ఒక రాష్ట్రంలో ఇరవై వేల మందిని, మనిషికి పావుగంట చొప్పున ఇంటర్వ్యూ చేస్తే ఐదువేల గంటలు. బోర్డు రోజుకు ఆరు గంటలు కూర్చుంటే ఎనిమిది వందలకు పైగా బోర్డు దినాలు. నలభై బోర్డులు పెడితే మూడు వారాలు. బోర్డుకు ముగ్గురు చొప్పున నూట ఇరవై మంది సీనియర్ డాక్టర్లు ఆ మూడు వారాలు ఓపీలు, ఆపరేషన్లు వదిలి రావాలి. నలభై బోర్డులంటే నలభై రకాల చేతులు, ఒకరిది పిసినారి చెయ్యి, ఒకరిది ధారాళం. తమిళనాడులో కమిటీకో తీరుగా జరిగిన 1970 నాటి గొడవే మళ్లీ, మరింత పెద్ద ఎత్తున.

రాత పరీక్ష శుద్ధపూస కాదు

ఇంత చెప్పాక, ఉన్నదే బాగుందని ఎవరైనా అంటే ఖేడ్ ఒప్పుకోదు. 2016 జూలైలో జరిగిన తెలంగాణ ఎంసెట్-2 ప్రశ్నపత్రం లీకైంది. ఆ పరీక్ష రద్దయింది. అప్పటికి రెండుసార్లు రాసిన పిల్లలు సెప్టెంబరు 11న మూడోసారి రాశారు. 2024 నీట్‌లో మొదట 67 మందికి 720కి 720 వచ్చాయి. గ్రేస్ మార్కుల గొడవ, పట్నా, హజారీబాగ్ లీకుల కేసు అందరికీ గుర్తున్నవే. లాంగ్ టర్మ్ కోచింగ్‌కు ఏడాది పాటు హైదరాబాద్ హాస్టల్లో పిల్లను ఉంచగల ఇల్లు వేరు, ఉంచలేని ఇల్లు వేరు. నీట్ తెలుగులో రాయొచ్చు. కానీ కోచింగ్ నడిచేది, పుస్తకాలు దొరికేది ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే.

సరిహద్దు ఊళ్లకు ఇంకో చిక్కుంది. ఖేడ్ నుంచి హైదరాబాద్ కంటే బీదర్ దగ్గర. అక్కడ నీట్ శిక్షణకు పేరున్న కాలేజీలున్నాయి. కానీ 2024 జూలైలో వచ్చిన జీవో 33 ప్రకారం లోకల్ కావాలంటే అర్హత పరీక్షతో ముగిసే నాలుగేళ్లు వరుసగా తెలంగాణలోనే చదివి ఉండాలి. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఆ నిబంధనను సమర్థించింది. పదో తరగతి దాకా ఖేడ్‌లో చదివి, పీయూసీ బీదర్‌లో పూర్తిచేసిన పిల్ల తన సొంత రాష్ట్రంలో నాన్‌లోకల్. బయట పనిచేసే ప్రభుత్వోద్యోగుల పిల్లలకు మినహాయింపు దొరికింది. చెరుకు కొట్టే కూలీల పిల్లల కోసం ఎవరూ గట్టిగా వాదించలేదు.

అయినా ఈ అన్యాయానికీ, ఆ గదిలో జరిగిన అన్యాయానికీ తేడా ఉంది. జీవో 33 అచ్చులో ఉంది. చదవొచ్చు, తప్పని చెప్పొచ్చు, ధర్నా చేయొచ్చు, కోర్టుకు లాగొచ్చు, రేపొక సవరణ తెప్పించుకోవచ్చు. ‘ఎందుకో ఈ అమ్మాయిలో ఆత్మవిశ్వాసం తక్కువ’ అని ఒకరి మనసులో పడిన మార్కును ఏ కోర్టుకు లాగుతాం?

మరి మనిషిని చూడొద్దా?

చూడాలి. కానీ చూడదలచుకున్నదాన్ని ముందే నిబంధనగా రాసుకుని చూడాలి. పల్లెలో పనిచేసే డాక్టర్లు కావాలా? జపాన్‌లోనే జిచి మెడికల్ యూనివర్సిటీ 1972 నుంచి ఆ పని చేస్తోంది. దేశంలోని 47 ప్రిఫెక్చర్లలో ఒక్కోదాని నుంచి ఇద్దరు ముగ్గురిని తీసుకుంటుంది. అక్కడా ఇంటర్వ్యూ ఉంది. కానీ ఏ ప్రాంతానికి ఎన్ని సీట్లో ముందే ఖాయం. చదువు ఖర్చు అప్పుగా ఇస్తారు, సొంత ప్రాంతంలో సుమారు తొమ్మిదేళ్లు పనిచేస్తే ఆ అప్పు మాఫీ. సేవాభావాన్ని మొహంలో వెతకరు, ఒప్పందంలో రాయించుకుంటారు.

బడి తేడాను సరిచేయాలా? తమిళనాడు 2020లో ప్రభుత్వ బడుల్లో చదివి నీట్ నెగ్గినవాళ్లకు 7.5 శాతం సీట్లు కేటాయించింది. ఏ బడిలో చదివారన్నది సర్టిఫికెట్ చెబుతుంది, బోర్డు అభిప్రాయం అక్కర్లేదు.

తెలంగాణలో రాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఐదు ప్రభుత్వ మెడికల్ కాలేజీలుండేవి, 2024 నాటికి ముప్పై దాటాయి. సంగారెడ్డిలో 2022లో 150 సీట్లతో కాలేజీ వచ్చింది. కాలేజీ జిల్లాకు వచ్చింది గానీ, జిల్లాలోని ఏ మూల పిల్లలు అందులో కూర్చుంటున్నారన్న లెక్క ఎవరూ అడగడం లేదు. ఖేడ్, కంగ్టి, మనూర్, నాగల్‌గిద్ద లాంటి వెనకబడ్డ మండలాల ప్రభుత్వ బడుల పిల్లలకు కొన్ని సీట్లు, చదువయ్యాక ఆ ప్రాంతంలోనే కొన్నేళ్ల సర్వీసు అని రాసుకుంటే నీట్ ఉంటూనే మనిషినీ చూసినట్టవుతుంది. భాషల సంగతీ అంతే. రోగి భాషలో రోగిని అడిగి రాసుకోగలడా అన్నది చిన్న పరీక్షతో తేల్చొచ్చు. తెలుగు, ఉర్దూ, లంబాడీ, కన్నడ, మరాఠీల్లో రెండు వస్తే ఇన్ని మార్కులని ముందే ప్రకటించొచ్చు. అందులో నాగల్‌గిద్ద అమ్మాయి హైదరాబాద్ అబ్బాయి కంటే ముందుంటుంది.

ఇంత రాసుకున్నాక కూడా ఇంటర్వ్యూ కావాలనిపిస్తే పెట్టండి. ఏ ప్రశ్నకు ఎన్ని మార్కులో ముందే అచ్చేయండి. తండ్రి పేరు, ఊరి పేరు బోర్డు కంట పడనీయకండి. ప్రతి ఇంటర్వ్యూనూ రికార్డు చేసి అభ్యర్థి అడిగితే చూపించండి. మొత్తం మార్కుల్లో దాని వాటా కోర్టు చెప్పిన 15 శాతం కంటే బాగా కిందే ఉంచండి. ఈ నాలుగింటికీ ఒప్పుకోని బోర్డు వెతుకుతున్నది మంచి డాక్టరును కాదనే ఖేడ్ జనం అనుకుంటారు. ఆ అనుమానం తప్పని రుజువు చేయాల్సిన బాధ్యత బోర్డుదే.